నల్లరేగట్లో స్నో మోడ్

ఆషాఢం, రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ముప్పై రెండు నిమిషాలకు మా డాక్టరమ్మ కొత్త కారు నల్లరేగట్లో దిగబడింది. టైము తప్పు చెప్పడం లేదు. స్టీరింగు వెనక అంకెలు వెలుగుతూనే ఉన్నాయి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ అంకెలు చిన్నప్పటి నుంచీ వచ్చు. వెనక సీట్లో పాము కరిచిన మనిషి పడుకుని ఉన్నాడు. తారురోడ్డు ఇంకా కిలోమీటరున్నర ఉంది.

కొత్తగా బండి పట్టిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పాత డ్రైవర్లు చదివితే వద్దనను గానీ వాళ్ళు వినరు. నేను వినలేదు, అందుకే ఆ సంగతి తెలుసు.

నాది సిర్గాపూర్ దిక్కు. మొదట ట్రాక్టరు నడిపాను, తర్వాత జీపు. ఆఖరి పదకొండేళ్ళు నారాయణఖేడ్‌లో సొంతంగా చిన్న దవాఖాన నడిపే ఒక డాక్టరమ్మ దగ్గర డ్రైవరుగా చేశాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. కోపం ఎక్కువ, అబద్ధం తక్కువ. నెలకొక మంగళవారం కంగ్టి దాటి, కర్ణాటక గట్టుకు ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో రోగుల్ని చూసేది. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్ళం. మాతో ఒక నర్సు వచ్చేది.

ఈ నర్సు గురించి చెప్పాలి. ఆమె తాత మిషన్ బడిలో చదువుకున్నాడట. ఆ ఇంట్లో ఆడపిల్లలకు కూడా మూడు తరాల చదువు ఉంది. నాకు యాభై మూడేళ్ళు వచ్చాక అక్షరాలు దిద్దించింది ఆమే. రోగులు లేని మధ్యాహ్నం పూట, మందుచీటీల వెనక రాసి ఇచ్చేది. కంగ్టి రోడ్డు మీద కిలోమీటరు రాయిని నేను సొంతంగా చదివిన రోజు బండి పక్కకు ఆపాను. ఎన్నో ఏళ్ళు ఆ రాయి పక్కనుంచి పోయాను. అది కంగ్టి రాయి అని తెలుసు, ఎందుకంటే దాని మూల విరిగి ఉంటుంది. అక్షరాలు చూసి తెలుసుకోవడం మాత్రం అదే మొదటిసారి. "ఏమైంది కాకా, పంక్చరా?" అని నర్సు అడిగింది. ఏం లేదన్నాను.

తెలుగు వచ్చాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా కూడబలుక్కోవడం నేర్చుకున్నాను. కానీ చదువు ఆలస్యంగా వచ్చినవాడికి అంతకుముందే పట్టుకున్న రోగం ఒకటి ఉంటుంది. అది తలూపడం. చదువురాని రోజుల్లో ఎవరు కాగితం చూపించి ఏం చెప్పినా తలూపేవాణ్ణి. ఆర్టీఓ ఆఫీసులో ఊపాను, పోలీసు ముందు ఊపాను, పెళ్ళిచూపుల్లో ఊపాను. అక్షరాలు వచ్చినా ఆ తల ఆగలేదు.

పాత బండి ఇంక పని చేయదని డాక్టరమ్మ కొత్తది కొన్నది. మైల్డ్ హైబ్రిడ్ అన్నారు. పెట్రోలు ఇంజనే బండిని నడుపుతుంది, ఒక చిన్న బ్యాటరీ దానికి సాయం పడుతుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే బలాన్ని దాచుకుని, బండి లాగేటప్పుడు వెనకనుంచి చెయ్యి వేస్తుంది. గేర్లు మామూలుగానే చేత్తో వేయాలి. గేరు పక్కన గుండ్రటి బిరడా లాంటిది ఒకటి ఉంది. దాన్ని తిప్పితే మూడు మోడ్‌లు: ఆటో, స్పోర్ట్, స్నో. పక్కన లాక్ అని ఒక బటన్.

షోరూంలో టై కట్టుకున్న ఒకాయన పది నిమిషాల్లో అన్నీ చెప్పాడు. ఏ తొవ్వకు ఏ మోడ్ పెట్టాలో, ఏది ఎప్పుడు నొక్కాలో, చేతులు తిప్పుతూ చెప్పాడు. సగం ఇంగ్లీషు, సగం హిందీ. నేను ఆయన చేతులు చూస్తూ ఉన్నాను.

"సమజ్ అయిందా అంకుల్?" అన్నాడు.

తలూపాను.

"అయిందా కాకా?" అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "నువ్వే నడపాలె. నాకు గేర్ కూడ సక్కగ రాదు."

"అయింది మేడం. బండ్లన్నీ ఒక్కటే గదా," అన్నాను.

బండితో పాటు లావుపాటి పుస్తకం ఇచ్చారు. ప్లాస్టిక్ సంచి చింపకుండా డ్యాష్‌బోర్డు అరలో అడుక్కు పెట్టాను. పాడవకుండా ఉండాలని పెట్టాననే నాకు నేను చెప్పుకున్నాను అప్పుడు.

మొదటి ఆదివారం బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి తీసుకుపోయి పూజ చేయించాను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. నర్సు కూడా వచ్చి, గుడి బయట కారుకు చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుంది. రెండు దిక్కుల కాపలా ఉంది, ఇక భయం లేదనుకున్నాను.

రెండో రోజే భయం పట్టుకుంది. ఖేడ్ చౌరస్తాలో ఎద్దులు అడ్డం వస్తే బండి ఆపి, గేరు తీసి, క్లచ్ వదిలాను. ఇంజన్ ఆగిపోయింది. దిగి బానెట్ ఎత్తాను. అక్కడ ట్రాక్టర్ మెకానిక్‌లు ఇద్దరు చాయ్ తాగుతున్నారు.

"ఏంది కాకా, కొత్త బండి గప్పుడే సచ్చిందా?"

"నిమ్మకాయలు తక్కువైనట్టున్నయిరా!"

డాక్టరమ్మ లోపలి నుంచి అరిచింది. "కాకా, అది ఆగినప్పుడు దానంతట అదే బంద్ అయితది. క్లచ్ తొక్కితే మళ్ళ లేస్తది. షోరూంల చెప్పలే?"

చెప్పాడు కాబోలు. మూసి, ఎక్కి, క్లచ్ తొక్కాను. లేచింది. కానీ నేను ముప్పై ఏళ్ళు చెవితో బండి నడిపినవాణ్ణి. ఇంజన్ చప్పుడు ఆగిందంటే నా లోపల కూడా ఏదో ఆగుతుంది. ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా క్లచ్ తొక్కే ఉంచేవాణ్ణి, చప్పుడు ఆగకుండా. రైల్వే గేటు పడితే పది నిమిషాలు తొక్కి ఉంచేవాణ్ణి. నర్సు ఒకసారి చూసింది.

"కాకా, కాలెందుకు వణుకుతుంది?"

"వయసు బిడ్డా."

"వయసు ఒక్క ఎడమకాలికే వచ్చిందా?"

ఇక మోడ్‌ల సంగతి. ఎప్పుడూ ఆటోలోనే ఉంచాను. ఒక్కసారి, బండిలో ఎవరూ లేనప్పుడు, సంగారెడ్డి రోడ్డు మీద స్పోర్ట్‌లో పెట్టి చూశాను. పెడల్ మీద కాలు పెట్టీ పెట్టకముందే కోడెదూడలా దూకింది. బలం దీంట్లో ఉందన్నమాట అని మనసులో రాసుకున్నాను. స్నో అంటే మంచు. దాని పక్కన మంచుపువ్వు బొమ్మ కూడా ఉంది. ఖేడ్‌లో మంచు ఎక్కడిది? బయటి దేశాల బండికి పెట్టిన మోడ్ మనకూ వచ్చింది అనుకున్నాను. లాక్ ఎప్పుడూ నొక్కలేదు. ఎవర్నైనా అడగవచ్చు. అడిగితే, షోరూంలో తెలియలేదని బయటపడుతుంది.

ఇలా ఎనిమిది నెలలు గడిపాను. బండి బాగానే నడిచింది. తారు రోడ్డు మీద ఎవరి తెలివితక్కువతనమూ బయటపడదు.

ఆ మంగళవారం పొద్దున పోయేటప్పుడు తొవ్వ ఎండి గట్టిగా ఉంది. తారురోడ్డు నుంచి ఊరికి మూడు కిలోమీటర్ల మట్టితొవ్వ, రెండు దిక్కులా కందిచేలు, పత్తిచేలు. మధ్యాహ్నం ఒక గంట వాన కొట్టింది. నల్లరేగడి సంగతి ఆ దిక్కు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండితే రాయి, తడిస్తే సబ్బు, తొక్కితే జిగురు. తొవ్వ ఆరేదాకా, ఒకటి రెండు గంటలు ఆగి పోదామని నేనూ డాక్టరమ్మా అనుకున్నాం.

మూడు పదికి ఒక మనిషిని వీపు మీద మోసుకుంటూ వాళ్ళన్న పరుగెత్తుకొచ్చాడు. వీపు మీది మనిషి నలభై ఏళ్ళ రైతు. కందిచేలో కలుపు తీస్తుంటే చీలమండ పైన పాము కొట్టింది. వెనక అతని భార్య, చెప్పుల్లేకుండా, మోకాళ్ళ దాకా బురద.

"ఏం పాము? సూసినవా?" డాక్టరమ్మ అడిగింది.

"రక్తపింజర," అన్నాడు ఆ రైతు. "మచ్చలు మచ్చలున్నది. కుక్కర్ లెక్క సీటీ కొట్టింది."

"సంపినవా?"

"లే. నాకే దిక్కు లేదు, దాన్నేం సంపుత."

మోకాలి కింద తాడు బిగించి కట్టి ఉంది. డాక్టరమ్మ దాన్ని తిట్టుకుంటూ మెల్లగా విప్పించింది. కాలు కదలకుండా చెక్క పెట్టి గుడ్డ చుట్టింది. పాము విషానికి ఇచ్చే మందు ఆమె సంచిలో లేదు. ఖేడ్ పెద్ద దవాఖానలో ఉంటుంది. నర్సు అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. ఆ ఊళ్ళో మన టవరు అందదు, కర్ణాటక టవరు అందుతుంది. ముందు కన్నడంలో ఒకామె ఏదో చెప్పింది, తర్వాత కలిసింది. అంబులెన్స్ కంగ్టి వైపు వస్తుంది గానీ ఈ మట్టితొవ్వలోకి దిగలేదు, తారురోడ్డు మీద నిలబడుతుంది అన్నారు.

డాక్టరమ్మ నా దిక్కు చూసింది. "మూడు కిలోమీటర్లు. తీస్తవా కాకా?"

"తీస్త మేడం."

అది మాత్రం మనసులోంచే అన్నాను. జీపుతో ఇంతకన్నా పాడు తొవ్వలు దాటాను.

వెనక సీట్లో రైతును పడుకోబెట్టారు, తల భార్య ఒళ్ళో. సీటు ముందు ఇరుకులో డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని అతని కాలు పట్టుకుంది. నర్సు నా పక్కన. రైతు అన్న, ఊళ్ళోవాళ్ళు ముగ్గురు బండి వెనక నడిచారు.

"అన్నా," అన్నాడు రైతు వెనక నుంచి, "గిది కొత్త బండా? సీటంత బురదయితుంది."

"కడుగుత తీ. నువ్వు మాట్లాడకు."

మొదటి కిలోమీటరున్నర ఆటోలో బాగానే లాగింది. జారుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. తర్వాత చేల నీళ్ళు తొవ్వకు అడ్డంగా పారే పల్లం వచ్చింది. దిగగానే ముందు చక్రాలు తిరిగాయి, బండి కదల్లేదు. నా చెయ్యి బిరడా మీదికి పోయింది. స్పోర్ట్‌లో పెట్టాను. బలం అందులో ఉందని నాకు తెలుసు కదా.

"రేస్ ఇయ్యి అన్నా! ఆపకు, రేస్ ఇయ్యి!" వెనక నుంచి రైతు అన్న అరిచాడు.

ట్రాక్టరైనా జీపైనా మాకు నేర్పింది అదే. బురదలో ఊపు తగ్గితే పోయినట్టే, దంచు. దంచాను. బురద అద్దాల మీదికి లేచింది. వెనక నెడుతున్న నలుగురూ నల్లగా అయిపోయారు. బండి పక్కకు ఒరిగి, కిందికి దిగి, పొట్ట నేలకు ఆనింది. క్లచ్ కమురు వాసన వచ్చింది. లాక్ నొక్కాను. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కాను. మూడోసారి బొటనవేలు నొప్పిపెట్టేలా నొక్కాను. ఏం లేదు.

గేరు తీసి, తెలియకుండానే క్లచ్ వదిలేశాను. ఇంజన్ ఆగింది.

ఆ చప్పుడు లేకపోవడం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. బురద చక్రాల మీద నుంచి జారి పడుతున్న శబ్దం, రైతు ఊపిరి, అంతే.

"బండి పాణం పోయిందా?" అని అతని భార్య అరిచింది. "అన్నా, బేగ ఏమన్న జెయ్యన్నా, నీ కాల్మొక్త."

"ఏమైంది కాకా?" డాక్టరమ్మ.

పిల్లలూ, ఇప్పుడు చెప్పేది నేను ఎవరికీ చెప్పుకోవడానికి ఇష్టపడని మాట. నేను అన్నది ఇది:

"బండిల ఖరాబీ ఉన్నది మేడం. లాక్ పడ్తలేదు. కంపెనీ వాళ్ళు సక్కగ బిగియ్యలే."

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! బండికి నోరు లేదు కదా.

రైతు పక్కకు తిరిగి ఒక గుడ్డలో ఉమ్మాడు. ఎర్రగా ఉంది. డాక్టరమ్మ ఆ గుడ్డ తీసుకుని వెలుగులోకి పెట్టింది. "పాన్ తిన్నడా?"

"తినడు," అంది భార్య. "తంబాకు సుత ముట్టడు."

డాక్టరమ్మ సంచి లాక్కుని అతని చేతి నుంచి రెండు చుక్కల కన్నా కొంచెం ఎక్కువ నెత్తురు తీసి ఒక చిన్న గాజు గొట్టంలో పోసింది. "ఎట్లాగు కదిలేటట్టు లేదు. ఇరవై నిమిషాలు ఇది కదలకుండ ఉండాలె. నెత్తురు గడ్డకడితే మంచిది. కట్టకపోతే విషం ఎక్కినట్టు." నర్సు ఆ గొట్టాన్ని దూదిలో పాతి, గ్లాసులు పెట్టుకునే గుంటలో నిలబెట్టింది. అది సరిగ్గా బిరడా పక్కన ఉంటుంది. మూడు ముప్పై ఆరు.

అన్న కిటికీలోంచి తల పెట్టాడు. "కంది కట్టె కుప్ప ఆ గట్టున ఉన్నది. తెచ్చి చక్రాల కింద ఎయ్యాల్నా?"

"తేండ్రి," అంది డాక్టరమ్మ. నలుగురూ పరుగెత్తారు.

నేను రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని గొట్టం వంక చూస్తున్నాను. అందులోని నెత్తురు, నా పక్కన బెత్తెడు దూరంలో.

"కాకా," అంది నర్సు మెల్లగా, "బండి పుస్తకం ఏది?"

చూపించాను. తీసింది. ప్లాస్టిక్ సంచి అతికింది అతికినట్టే ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆమె చించిన చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను.

"షోరూంల చెప్పిన్రన్నవు గద?"

"చెప్పిన్రు."

"మరి?"

వెనక డాక్టరమ్మ వింటోంది. రైతు భార్య వింటోంది. పాము కరిచిన మనిషి కూడా వింటున్నాడు.

"నాకు సమజ్ కాలే సిస్టర్. ఉత్తగ తలకాయ ఊపిన. బండిల ఖరాబీ లేదు. నాకే తెల్వదు."

ఇప్పుడు డాక్టరమ్మ తిడుతుందని చూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వెనక నుంచి రైతు అన్నాడు, "పోనీ తీ అన్నా. నాకు సుత కాయిదాలు సమజ్ కావు. బ్యాంకుల నేను ఊపిన తలకాయ ఇంక ఆగలే."

"నువ్వు మాట్లాడకు," అని ఈసారి ముగ్గురం అన్నాం.

నర్సు వేలితో వరస వెతుక్కుంటూ చదివింది. చదివి, నా దిక్కు తిరిగింది. "తలకాయ ఊపకు. నేను చెప్పింది మళ్ళ నువ్వు నాకు చెప్పాలె. సరేనా?"

ఊపబోయి ఆపుకున్నాను. "సరే."

"లాక్ ఒట్టిగ నొక్కితే పడదు. స్పోర్ట్‌ల అస్సలు పడదు. ముందుగాల స్నోల పెట్టాలె."

"స్నో అంటే మంచు గదనే. గీడ మంచేడిది?"

"గీడ రాసిన్రు కాకా. మంచు, బురద, జారే తొవ్వ. అన్నిటికీ అదే. స్నోల పెడితే నాలుగు చక్రాలు లాగుతయి. ఆటోల ముందటివే ఎక్కువ లాగుతయంట."

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించినవాణ్ణి. బురదలో వెనక రెండింటికీ ఎప్పుడు ఎలా పని చెప్పాలో నేర్చుకోలేదు.

"ఇంక?"

"స్నో పడ్డంక లాక్ నొక్కు. దీపం వెల్గుతది. పెడల్ మెత్తగ తొక్కాలె. రేస్ ఇయ్యొద్దు. రేస్ ఇస్తే బండే బలం తగ్గించుకుంటది. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. "స్నో. దీపం సూడాలె. లాక్. దీపం సూడాలె. ఫస్ట్ గేర్. మెత్తగ."

"ఇంకోసారి."

అక్షరాలు దిద్దించినప్పుడు కూడా ఇలాగే అనేది. ఇంకోసారి చెప్పాను. మూడోసారి చెబుతుండగా డాక్టరమ్మ వెనక నుంచి చెయ్యి చాచింది. మూడు యాభై ఆరు. ఆమె గొట్టాన్ని దూదిలోంచి తీసి, మెల్లగా ఒక పక్కకు వంచింది.

నెత్తురు నీళ్ళలా జారింది.

భార్యకు అర్థం కాలేదు, మా మొహాలు చూసింది, అప్పుడు అర్థమైంది. కొంగు నోట్లో పెట్టుకుంది. డాక్టరమ్మ ఫోన్ తీసి ఖేడ్ దవాఖానకు చేసింది. మళ్ళీ కన్నడం ఆమె, మళ్ళీ ఆగడం. కలిసాక గబగబా చెప్పింది: నెత్తురు గడ్డకట్టలేదు, మందు తీసి సిద్ధంగా పెట్టండి, మనిషిని తెస్తున్నాం.

తెస్తున్నాం అంది.

కంది కట్టెలు వచ్చాయి. నలుగురూ మోకాళ్ళ మీద కూర్చుని చక్రాల కింద చేతులతో బురద తీసి కట్టెలు దూర్చారు. నేను క్లచ్ తొక్కాను. ఇంజన్ లేచింది. బిరడా స్నో వైపు తిప్పాను. దీపం వచ్చింది. లాక్ నొక్కాను. దీపం వచ్చింది. ఇరవై నిమిషాల ముందు అక్కడే, అదే బటన్.

"రేస్ ఇయ్యన్నా!" అని రైతు అన్న వెనక నుంచి అరిచాడు.

"రేస్ లేదు! మీరు సుత గట్టిగ నూకకుండ్రి, ఒరగకుండ పట్టుకోండ్రి!"

"గట్లెట్ల ఎల్తదే? పిచ్చి లేసిందా?"

నిజంగానే పిచ్చి అనిపించింది నాకూ. ముప్పై ఏళ్ళ అలవాటు నా కుడికాల్లో కూర్చుని తొక్కు తొక్కు అంటోంది. పొయ్యి మీద పాలు పొంగకుండా మంట తగ్గించినట్టు కాలు పెట్టాను. ఏం కాలేదు. ఇంకొంచెం. కట్టెలు విరిగిన చప్పుడు. ముందు చక్రం ఒకటి తిరగబోయి, ఎవరో పట్టుకున్నట్టు ఆగింది, వెనక నుంచి చిన్న నెట్టు వచ్చింది. మనుషులు నెట్టింది కాదు. వాళ్ళు చేతులు తీసేసి చూస్తున్నారు, అద్దంలో కనపడింది. బండి అంగుళం కదిలింది. మళ్ళీ అంగుళం. నర్సు పుస్తకం గుండెకు పట్టుకుని పెదవులు కదుపుతోంది. ప్రార్థనో, నా పాఠమో.

పల్లం ఎక్కాం. ఆపలేదు. మిగిలిన తొవ్వంతా అదే మోడ్‌లో, నడిచే మనిషి కన్నా కొంచెం ఎక్కువ వేగంతో పోయాను. అంత మెల్లగా బండి నడపడం కన్నా కష్టమైన పని నా నౌకరీలో ఇంకొకటి చేయలేదు. వెనక రైతు మాటలు తగ్గాయి. మాట్లాడొద్దన్నవాళ్ళమే ఇప్పుడు మాట్లాడు, మాట్లాడు అంటున్నాం.

"ఏం మాట్లాడాలె?" అన్నాడు. "గింత సప్పుడు లేని బండి నేనెన్నడు ఎక్కలే."

నాలుగు ఇరవైకి చక్రాల కింద తారు తగిలింది. అంబులెన్స్ నిలబడి ఉంది. డాక్టరమ్మ, భార్య అతనితో అందులో ఎక్కారు. దాని వెనక మా బండిలో పోయాం నేనూ నర్సూ. కంగ్టి రాయి దాటేటప్పుడు దాన్ని చదవలేదు.

ఆ మనిషి బతికాడు. చెప్పకుండా మిమ్మల్ని ఆపడం నాకు ఇష్టం లేదు. ఖేడ్‌లో మందు ఎక్కించి, సంగారెడ్డి పంపారు. కిడ్నీలు దెబ్బతిని కొన్ని వారాలు మిషన్ మీద నెత్తురు శుద్ధి చేయించుకున్నాడు. తర్వాత అవి చాలావరకు కోలుకున్నాయి. ఇప్పుడు చేను పని చేస్తాడు గానీ మునుపటిలా బరువులు ఎత్తలేడు, ఎండలో ఎక్కువ సేపు నిలబడలేడు. కలుపు భార్య, అన్న తీస్తారు.

నేను వాళ్ళ ఇంటికి పోయినప్పుడు నన్ను మంచం మీద కూర్చోబెట్టాడు. "గా గాజు గొట్టం సూసి నేను భయపడలే అన్నా," అన్నాడు. "నీ మొఖం సూసి భయపడ్డ. గీ మనిషే ముందుగాల పోతడేమో, ఇగ బండి ఎవరు నడుపుతరు అనుకున్న." నవ్వాడు. నవ్వు మధ్యలో ఆయాసం వచ్చి ఆగాడు. భార్య నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె నవ్వలేదు. నన్ను ఏమీ అనలేదు కూడా. ఆమె అనాల్సింది ఏదైనా ఉంటే నేను వినడానికే పోయాను.

తిరిగొచ్చి డాక్టరమ్మను అడిగాను. "మేడం, గా పల్లంల మనం దిగబడకపోతే ఆయన కిడ్నీలు మంచిగుంటుండెనా?"

ఆమె ఏదో రాస్తోంది. కలం ఆపింది. "దిగబడ్డప్పుడే నెత్తురు పరీక్ష చేసినం. అది దవాఖానల జేస్తే ఇరవై నిమిషాలు పట్టేది. గది కలిసొచ్చింది."

"అయితే మంచిగుంటుండెనా లేదా?"

"తెల్వది కాకా."

"చదువుకున్నోళ్ళు మీరు..."

"తెల్వదంటే తెల్వది," అంది. మళ్ళీ రాసుకోసాగింది.

అంత చదువుకున్న మనిషి ఆ మాట ఎంత సులువుగా అన్నదో చూశాను. నాకు అదే మాట అనడానికి షోరూంలో ఒకసారి, చౌరస్తాలో ఒకసారి, పల్లంలో ఒకసారి అవకాశం వచ్చింది. మూడోసారికి గానీ నోరు రాలేదు, అదీ ముందు ఒక అబద్ధం ఆడాక.

మరుసటేడు కళ్ళు మసకబారి నౌకరీ మానేశాను. నా చోటికి వచ్చిన డ్రైవరు ఇద్దరు పిల్లల తండ్రి, హుషారు మనిషి. తాళం ఇచ్చేటప్పుడు మోడ్‌లన్నీ చెప్పాను. తలూపాడు.

"ఊపకు. నాకు చెప్పు," అన్నాను.

"యూట్యూబ్‌ల సూసిన కాకా."

"సూసిందే చెప్పు."

నవ్వుతూ మొదలుపెట్టి లాక్ దగ్గర తప్పాడు. అక్కడే తప్పుతారు. పుస్తకం తీసి ఇచ్చాను. ఇప్పుడది ప్లాస్టిక్ సంచిలో లేదు, ఆ పేజీ మీద ఎండిన నల్లమట్టి వేలిముద్ర ఒకటి ఉంది. నర్సుది. తుడవొద్దని చెప్పాను.

క్లచ్ ఇప్పటికీ నా కలలో తొక్కే ఉంటుందని మా ఇంటామె అంటుంది. నిద్రలో ఎడమకాలు బిగపట్టి పడుకుంటానట.

ఆ మంగళవారం ఆ పల్లంలో ఉన్నవాళ్ళు వీళ్ళు: నేల మీద మోకాళ్ళు పెట్టి కాలు పట్టుకున్న డాక్టరమ్మ. పుస్తకం చదివి, మళ్ళీ చెప్పించుకున్న నర్సు. పాము కరిచి, నొప్పిలో కూడా సీటు ఖరాబవుతుందని పరేషానైన రైతు. అతని తల ఒళ్ళో పెట్టుకున్న భార్య. కంది కట్టెలు మోసిన అతని అన్న. అతనితో పాటు ఊరివాళ్ళు ముగ్గురు, వాళ్ళ మొహాలు బురదలో ఉన్నప్పుడే చూశాను, ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపట్టలేను. స్టీరింగు దగ్గర, అర్థమైందని తలూపి వచ్చిన డ్రైవరు.